మూడు స్కాన్లు ఎందుకు? కడుపు ఆపరేషన్‌కి ముందు ఏ పరీక్ష ఏం చెబుతుంది

కడుపునొప్పితో ఆసుపత్రికి వెళ్తే ముందు అల్ట్రాసౌండ్ రాస్తారు. ఆ రిపోర్టు చూసి సిటి స్కాన్ అంటారు. అదీ అయ్యాక సర్జన్ వచ్చి ఎంఆర్ఐ ఒకటి తీయిద్దాం అంటారు. ఈలోగా బయట కుర్చీల్లో కూర్చున్న ఇంటివాళ్ళు ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటారు: "ఆ పెద్ద స్కానింగేదో మొదటే తీసేస్తే పోయేది కదా, డబ్బుల కోసం తిప్పుతున్నారు." ఆ అనుమానాన్ని నేను తప్పుపట్టను. అక్కర్లేని పరీక్షలకి అప్పు చేసి మరీ డబ్బు కట్టిన కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. కానీ ఏ స్కాన్ దేనికి పనికొస్తుందో తెలియకపోతే అవసరమైన పరీక్షనీ అనవసరమైన పరీక్షనీ ఒకే గాటన కట్టేస్తాం, చివరికి నష్టపోయేది రోగే.

బిల్లు కౌంటర్ దగ్గర అల్ట్రాసౌండ్ కన్నా సిటి, సిటి కన్నా ఎంఆర్ఐ సాధారణంగా ఖరీదెక్కువ. అందుకని ఒకదాన్ని మించి ఒకటి గొప్పవని అనుకుంటాం. కడుపులోకి వెళ్ళాక ఆ వరస పనికిరాదు. గాల్ బ్లాడర్‌లో రాయి వెతకాలంటే చవకైన అల్ట్రాసౌండే సిటి కన్నా మేలు. పేగుకి రంధ్రం పడి బయటికొచ్చిన కాస్త గాలిని పట్టుకోవాలంటే సిటిని మించింది లేదు. భగందరం (ఫిస్టులా, మలద్వారం పక్కన చీము కారే కన్నం) లోపల దారి ఎటు వెళ్ళిందో చూడాలంటే సిటితో పెద్దగా తెలియదు, ఎంఆర్ఐ కావాలి. ఏ స్కాన్ మంచిది అని అడిగితే ఎవరూ సూటిగా చెప్పలేరు. సర్జన్ ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు అని అడిగితే మాత్రం ఏది తీయాలో ఇట్టే తేలిపోతుంది.

గాల్ బ్లాడర్ రాళ్ళ సంగతే తీసుకుందాం, మనవాళ్ళలో ఇంటికొకరికి తెలిసిన జబ్బు. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, నూనె వస్తువులు తిన్న రాత్రి ఎక్కువవుతుంది, వెనక్కి, కుడి భుజం వైపు లాగుతుంది. చాలామంది ఏళ్ళ తరబడి గ్యాస్ అనుకుని మాత్రలు మింగుతూ గడిపేస్తారు. అల్ట్రాసౌండ్ గదిలో డాక్టరు జెల్లీ రాసి ప్రోబ్ పెట్టగానే, రాయి ఉంటే తెర మీద తెల్లగా మెరుస్తుంది, దాని వెనక ఎండలో నిలబెట్టిన స్తంభానికి పడినట్టు నల్లటి నీడ పడుతుంది. శబ్దతరంగం రాయిని దాటి వెళ్ళలేదు కాబట్టి ఆ నీడ. ఆ తర్వాత "ఎడమవైపు తిరిగి పడుకోండి" అంటారు. ఎందుకో చాలామందికి తెలియదు. పక్కకి తిరిగితే రాయి దొర్లుతుంది, గోడకి అంటుకుని పెరిగిన పాలిప్ కదలదు. దొర్లిందా లేదా అన్న ఆ ఒక్క కదలికతో తర్వాత చేయాల్సిన వైద్యమే మారిపోవచ్చు. సిటిలో ఈ రాళ్ళు కొన్నిసార్లు అసలు కనబడవు, ఎందుకంటే కొలెస్ట్రాల్ రాయి సాంద్రత పైత్యరసం సాంద్రతకి దగ్గరగా ఉంటే రెండూ ఒకే రంగులో కలిసిపోతాయి. అందుకే ఖరీదైన సిటి రిపోర్టులో "రాళ్ళు లేవు" అని ఉన్నా, నొప్పి లక్షణాలు సరిపోతుంటే తెలిసిన డాక్టరు మళ్ళీ అల్ట్రాసౌండే అడుగుతారు.

పరగడుపున రమ్మనడం కూడా ఇందుకే. ఏదైనా తిన్నా, పాలు పోసిన కాఫీ తాగినా గాల్ బ్లాడర్ ముడుచుకుని లోపలి రసాన్ని పేగులోకి వదిలేస్తుంది. ముడుచుకున్న సంచిలో రాయి వెతకడం కష్టం, పైగా గోడ మందంగా కనబడి లేని వాపు ఉన్నట్టు అనిపిస్తుంది. నిండుగా ఉన్న గాల్ బ్లాడర్ గోడ సాధారణంగా 3 మిల్లీమీటర్లు దాటదు. అది దాటి, చుట్టూ నీరు చేరి, సరిగ్గా దాని మీద ప్రోబ్‌తో నొక్కినప్పుడు మనిషి ఊపిరి బిగబట్టి "అక్కడే అక్కడే" అన్నాడంటే, అది తీవ్రమైన వాపు. అంటే ఆ పరీక్షలో బొమ్మ ఎంత ముఖ్యమో, నొక్కినప్పుడు మీ ముఖం ఎలా మారిందన్నదీ అంతే ముఖ్యం. అందుకే "కాస్త కాఫీయే కదా" అని దాచిపెట్టొద్దు, చెప్పేయండి.

ఇక్కడితో ఆపరేషన్‌కి వెళ్ళిపోవచ్చు కదా అంటే, చాలామందికి వెళ్ళిపోవచ్చు. కానీ కొందరికి కళ్ళు పచ్చబడతాయి, రక్తపరీక్షలో బిలిరుబిన్ (కామెర్ల అంకె) పెరుగుతుంది, అల్ట్రాసౌండ్‌లో పైత్యనాళం, అంటే పైత్యరసాన్ని పేగులోకి దించే గొట్టం, 6 మిల్లీమీటర్ల కన్నా వెడల్పుగా కనిపిస్తుంది. రాయి ఒకటి జారి ఆ నాళంలో ఇరుక్కుందేమో అన్న అనుమానం అప్పుడొస్తుంది. అయితే వయసు పైబడినవాళ్ళలో ఈ నాళం సహజంగానే కాస్త వెడల్పవుతుంది, ఒక్క కొలత చూసి కంగారు పడక్కర్లేదు. ఇక్కడ అల్ట్రాసౌండ్‌కి ఒక అడ్డంకి ఉంది. నాళం కింది కొస చిన్నపేగు మొదటి భాగం వెనక దాక్కుంటుంది, ఆ పేగులో గాలి ఉంటుంది, గాలి తగిలితే శబ్దతరంగం అక్కడికక్కడే వెనక్కి తిరిగొచ్చేస్తుంది. ఎంత మంచి మెషీన్ పెట్టినా, ఎంత అనుభవం ఉన్నా గాలి వెనక ఏముందో అల్ట్రాసౌండ్ చెప్పలేదు.

అందుకని ఎంఆర్‌సిపి రాస్తారు. ఎంఆర్ఐలోనే ఒక పద్ధతి అది. కదలకుండా నిలిచి ఉన్న ద్రవం మాత్రమే తెల్లగా వెలిగేలా మెషీన్‌ని సెట్ చేస్తారు కాబట్టి పైత్యనాళం మొత్తం కొమ్మలతో సహా తెల్లగా కనబడుతుంది, అందులో రాయి నల్లటి చుక్కలా తేలుతుంది. రంగు మందు ఎక్కించాల్సిన పనే లేదు. నాళంలో రాయి ఉందని తేలితే ఈఆర్‌సిపి చేసి, అంటే నోటి ద్వారా గొట్టం పంపి, రాయిని తీసేస్తారు. ఒకప్పుడు నాళంలోకి చూడటానికే ఈఆర్‌సిపి చేసేవాళ్ళు. అది చేశాక కొందరికి పాంక్రియాస్ (క్లోమం) వాపు రావచ్చు కాబట్టి ఇప్పుడు చూడటానికి ఎంఆర్‌సిపి, తీయడానికి మాత్రమే ఈఆర్‌సిపి అన్నది పద్ధతి. మరీ చిన్న రాళ్ళు ఎంఆర్‌సిపిలో కూడా తప్పించుకోవచ్చు, అలాంటప్పుడు గొట్టం కొసకే ప్రోబ్ ఉండే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ పనికొస్తుంది. ఈ నాళం సంగతి చూడకుండా గాల్ బ్లాడర్ ఒక్కటీ తీసేస్తే, కుట్లు మానాక మనిషి కామెర్లతో వెనక్కి వస్తాడు. అప్పుడు "ఆపరేషన్ ఫెయిలయింది" అంటారు. నిజానికి ఆపరేషన్ బాగానే జరిగి ఉంటుంది, నాళంలో రాయి ఉందా అన్న ప్రశ్నే ముందు అడిగి ఉండరు.

ఆ జారిన రాయి పాంక్రియాస్ ముఖద్వారం దగ్గర ఇరుక్కుంటే ఇంకో కథ, పాంక్రియాస్ వాపు. నడుముదాకా పొడిచే నొప్పి, వాంతులు, రక్తంలో లైపేజ్ అనే పాంక్రియాస్ ఎంజైమ్ పెరగడం. ఇక్కడ ఇంటివాళ్ళు పెట్టే గొడవ ఇంకోలా ఉంటుంది: "ఇంత సీరియస్ అంటున్నారు, ఇంకా సిటి ఎందుకు తీయలేదు?" జబ్బు ఇదేనని నొప్పి, రక్తపరీక్షలు కలిసి చెప్పేస్తే మొదటి రోజు సిటితో పెద్దగా ఒరిగేదేమీ లేదు. పాంక్రియాస్‌లో ఎంత భాగం చచ్చుబడిందో మొదటి రోజు బొమ్మలో పూర్తిగా తెలియదు, దాదాపు 72 గంటలు దాటాక తీస్తేనే అసలు నష్టం స్పష్టమవుతుంది. తొందరపడి తీస్తే "పెద్దగా ఏమీ లేదు" అన్న తప్పుడు ధీమా మిగులుతుంది, మళ్ళీ తీయాల్సొస్తుంది. జబ్బేదో తేలకపోయినా, వేరే ప్రమాదం అనుమానం ఉన్నా మొదటి రోజే తీస్తారు, అది వేరే లెక్క. ఆగడం కూడా వైద్యమే అని ఒప్పించడం వార్డులో ఎంత కష్టమో రోజూ చూస్తుంటాం.

మన ఊళ్ళలో 24 గంటల కడుపునొప్పి అనే అపెండిసైటిస్ దగ్గర లెక్క మారిపోతుంది. బొడ్డు చుట్టూ మొదలైన నొప్పి కుడి కింది డొక్కలోకి దిగుతుంది. అల్ట్రాసౌండ్‌లో అపెండిక్స్‌ని వెతికే పద్ధతి చూసి తీరాల్సిందే: ప్రోబ్‌ని నెమ్మదిగా, కొంచెం కొంచెంగా లోపలికి నొక్కుతూ పోతారు, మధ్యలో ఉన్న పేగుల్లోని గాలి పక్కకి తప్పుకుంటుంది, మామూలు పేగు నొక్కితే చదునవుతుంది, వాచిన అపెండిక్స్ మాత్రం గట్టిగా అలాగే ఉంటుంది. 1986లో జూలియన్ పాయిలర్ట్ అనే డచ్ డాక్టరు ఈ నెమ్మదిగా నొక్కే పద్ధతిని ప్రపంచానికి చెప్పారు. 6 మిల్లీమీటర్ల కన్నా లావుగా ఉండి, నొక్కితే నలగకుండా, సరిగ్గా అక్కడే నొప్పి అంటే దాదాపు తేలిపోయినట్టే.

కానీ అపెండిక్స్ అందరికీ ఒకేచోట ఉండదు. పెద్దపేగు వెనక్కి మడతపడి దాక్కుంటే, మనిషి లావుగా ఉంటే అల్ట్రాసౌండ్‌లో అసలు దొరకదు. అప్పుడు రిపోర్టులో "అపెండిక్స్ కనబడలేదు" అని రాస్తారు. ఇది చదివి "అపెండిక్స్ బాగానే ఉందట" అని ఇంటికెళ్ళిపోయేవాళ్ళు ఉన్నారు, అది ప్రమాదం. కనబడలేదు అంటే ఈ పరీక్షతో తేలలేదు అని మాత్రమే అర్థం. నొప్పి, జ్వరం, తెల్లకణాల లెక్క అనుమానంగా ఉంటే అక్కడ సిటి న్యాయమైన తర్వాతి అడుగు. సిటి ఇంకో మాట కూడా చెబుతుంది, అపెండిక్స్ లోపల గట్టిపడిన ముద్ద ఉందా అని. 2020లో అమెరికా నుంచి వచ్చిన కోడా అనే పెద్ద పరిశోధనలో, ఆపరేషన్ లేకుండా యాంటీబయాటిక్స్‌తో మొదలుపెట్టిన రోగుల్లో 10 మందిలో దాదాపు ముగ్గురికి 90 రోజుల్లోపే ఆపరేషన్ అవసరమైంది, ఆ ముద్ద ఉన్నవాళ్ళలో అయితే 10 మందిలో నలుగురికి. కాబట్టి "కోయకుండా మందులతో తగ్గదా డాక్టర్ గారూ" అని అడిగేవాళ్ళకి నిజాయితీగా జవాబు చెప్పాలంటే ఆ ముద్ద సంగతి ముందు తెలియాలి.

గర్భిణికి ఇదే నొప్పి వస్తే ముందు అల్ట్రాసౌండ్, తేలకపోతే ఎంఆర్ఐ, అదీ గాడోలినియం అనే రంగు మందు ఇంజెక్షన్ లేకుండా. పిల్లలకి కూడా మొదట అల్ట్రాసౌండే. గర్భిణికి స్కాన్ చేసేటప్పుడు వివరాలన్నీ ఫారం ఎఫ్‌లో నింపి సంతకం తీసుకుంటారు, కడుపునొప్పికి వచ్చినా సరే. కొందరు దానికి చిరాకుపడతారు. ఆడపిల్లల్ని కడుపులోనే చంపేయడాన్ని ఆపడానికి 1994లో తెచ్చిన చట్టం అడుగుతున్న సంతకం అది.

సిటి అంటే ఎక్స్‌రేలతోనే, కాకపోతే శరీరం చుట్టూ తిరుగుతూ తీసి, కంప్యూటర్‌తో అడ్డంగా పొరలు పొరలుగా బొమ్మ కట్టే మెషీన్. ఇంగ్లండ్‌లో ఇఎంఐ కంపెనీ ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ దీన్ని తయారుచేస్తే, 1971 అక్టోబర్ 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటి రోగికి తల స్కాన్ తీశారు. 1979లో ఆయనకీ అలన్ కార్మాక్‌కీ కలిపి నోబెల్ ఇచ్చారు. హౌన్స్‌ఫీల్డ్ పేరు మీదే సాంద్రతకి కొలత పెట్టారు: నీటికి 0, గాలికి మైనస్ 1000, కొవ్వుకి మైనస్ 100 దగ్గర్లో, ఎముకకి కొన్ని వందల పైన. కడుపులో చేరిన ద్రవం మామూలు నీరా, రక్తమా అన్నది చాలాసార్లు ఈ అంకె చూసే అంచనా వేస్తారు. అంకె 0 దగ్గర ఉంటే నీరు, 30 నుంచి 45 మధ్య ఉంటే తాజా రక్తం అయ్యే అవకాశం, గడ్డకడితే ఇంకా పైకి.

ఇక అందరూ భయపడే "మందు ఎక్కించి తీసే సిటి". అయోడిన్ ఉన్న ద్రవాన్ని మోచేతి దగ్గర నరం ద్వారా మెషీన్‌తో వేగంగా పంపుతారు. ఒళ్ళంతా వేడెక్కినట్టు, నోట్లో లోహం రుచి, మూత్రం పోయినట్టు అనిపిస్తుంది, నిమిషంలో తగ్గిపోతుంది. ముందే చెబితే ఎవరూ బెదరరు, చెప్పకపోతే పెద్దవాళ్ళు టేబుల్ మీదే టెన్షన్ పడిపోతారు. ఆ మందు ఎందుకంటే, అది లేకుండా తీసిన బొమ్మలో లివర్, అందులోని గడ్డ, రక్తనాళం అన్నీ ఒకే బూడిదరంగు. మందు వెళ్ళాక ఏది ఎప్పుడు వెలుగుతుందో చూస్తారు. 30 సెకన్ల దగ్గర ధమనులు, 70 సెకన్ల దగ్గర లివర్ సిరలు, కొన్ని నిమిషాలకి మూత్రనాళాలు. సిర్రోసిస్‌తో గట్టిపడిన లివర్‌లో ఒక గడ్డ మొదటి దశలో గబుక్కున వెలిగి, తర్వాతి దశలో చుట్టూ ఉన్న లివర్ కన్నా నల్లబడిపోతే అది లివర్ క్యాన్సర్ అని ముక్క తీయకుండానే చెప్పగలిగే సందర్భాలున్నాయి. ఒకే స్కాన్‌లో మూడుసార్లు ఎందుకు తీశారు అంటే ఇదీ కారణం.

అదే కిడ్నీలో రాళ్ళకయితే మందు వద్దు. మందు కిడ్నీలోకి వచ్చిందంటే అదీ తెల్లగానే ఉంటుంది, రాయీ తెల్లగానే ఉంటుంది, ఒకదానిలో ఒకటి మునిగిపోతుంది. ప్లెయిన్ సిటిలో దాదాపు అన్ని రాళ్ళూ కనబడతాయి, ఎక్స్‌రేకి చిక్కని యూరిక్ యాసిడ్ రాయితో సహా. 5 మిల్లీమీటర్ల లోపుంటే చాలావరకు వాటంతటవే పడిపోతాయి. ఆ హౌన్స్‌ఫీల్డ్ కొలతలో 1000 యూనిట్లు దాటిన గట్టి రాయి అయితే బయటినుంచి తరంగాలతో పగలగొట్టడం అంత బాగా పనిచేయదు, కాబట్టి యూరాలజిస్ట్ దారి మారుస్తారు.

మందు ఎక్కించే ముందు క్రియాటినిన్ (కిడ్నీ రక్తపరీక్ష) రిపోర్టు అడగడం లాంఛనం కాదు. కిడ్నీ పనితీరు ఇజిఎఫ్ఆర్ లెక్కలో 30 కన్నా తగ్గితే ఈ మందు వాడాలా వద్దా అని ఆలోచించి తీరాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చిన మనిషి అయితే నేను రిపోర్టు చేతిలో లేకుండా ముందుకే వెళ్ళొద్దంటాను. అక్కడ షుగర్ గానీ బీపీ గానీ లేనివాళ్ళకి కూడా కిడ్నీలు మెల్లగా దెబ్బతింటాయి, బాగా ముదిరేదాకా బయటికేమీ తెలియదు. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్ళు షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే స్కాన్ రోజు నుంచి 48 గంటలు ఆపి, కిడ్నీ చూసుకుని మళ్ళీ మొదలుపెట్టమంటారు. "నాకు రొయ్యలు పడవు, అయోడిన్ పడదేమో" అని గోదావరి జిల్లాలవాళ్ళు తరచూ అంటారు. రొయ్యల అలర్జీ వాటిలోని ప్రొటీన్ వల్ల వచ్చేది, అయోడిన్ వల్ల కాదు. ఇంతకుముందు ఇదే మందుకి దద్దుర్లో, ఊపిరాడకపోవడమో జరిగి ఉంటే మాత్రం గట్టిగా చెప్పండి, టెక్నీషియన్ అడగకపోయినా చెప్పండి.

రేడియేషన్ గురించి కూడా ఒక మాట. కడుపు సిటి ఒకసారి తీస్తే సుమారు 8 నుంచి 10 మిల్లీసీవర్ట్‌లు. భూమ్మీద ఉన్నందుకు ఊరికే మనకి తగిలేది ఏడాదికి సగటున 2.4. అంటే మూడు నాలుగేళ్ళది ఒక్కసారి. అవసరమైన చోట దీనికి వెనకాడటం తెలివితక్కువతనం, కానీ నిన్న ఒక ఆసుపత్రిలో తీసిన స్కాన్ సిడి తీసుకురాలేదని ఇవాళ ఇంకో ఆసుపత్రిలో అదే మళ్ళీ తీయించుకోవడం చూస్తే మాత్రం కడుపు తరుక్కుపోతుంది.

అన్నిటికన్నా పాత మెషీన్‌ని మరిచిపోవద్దు. అల్సర్ పగిలి, కడుపు చెక్కలా బిగుసుకుపోయిన మనిషిని కాసేపు నిటారుగా కూర్చోబెట్టి ఛాతీ ఎక్స్‌రే తీస్తే డయాఫ్రమ్ కింద నల్లటి నెలవంకలా గాలి కనబడుతుంది. చాలాసార్లు థియేటర్‌కి తీసుకెళ్ళడానికి అదే చాలు. కనబడకపోయినంత మాత్రాన రంధ్రం లేదని కాదు, అనుమానం ఉంటే సిటి. రోడ్డు ప్రమాదంలో డొక్కకి దెబ్బతగిలి వచ్చినవాళ్ళకి క్యాజువాలిటీలోనే అల్ట్రాసౌండ్‌తో నాలుగు చోట్ల చూస్తారు: లివర్‌కీ కుడి కిడ్నీకీ మధ్య, ప్లీహం పక్కన, మూత్రసంచి వెనక, గుండె చుట్టూ. రెండు మూడు నిమిషాల పని. రక్తం కనబడి, సెలైన్, రక్తం ఎక్కిస్తున్నా బీపీ నిలవకపోతే నేరుగా థియేటర్‌కే. బీపీ నిలబడని మనిషిని సిటి టేబుల్ ఎక్కించమని డాక్టర్లని ఒత్తిడి చేయకండి, ఆ పది నిమిషాలే ప్రాణం తీయగలవు.

క్యాన్సర్ ఆపరేషన్లలో సర్జన్ అడిగేది వేరు. గడ్డ ఉందని అప్పటికే తెలుసు. తీయగలనా, తీస్తే మనిషి నిలబడతాడా అన్నదే ప్రశ్న. పాంక్రియాస్ తలలో గడ్డ ఉంటే, పక్కనే పేగులకి రక్తం మోసుకెళ్ళే పెద్ద ధమని ఉంటుంది. గడ్డ ఆ ధమని చుట్టుకొలతలో సగం దాటి, అంటే 180 డిగ్రీలు దాటి చుట్టేస్తే నేరుగా ఆపరేషన్‌కి వెళ్ళరు, ముందు కీమో. లివర్‌లో పెద్ద భాగం తీసేయాలంటే మిగిలే ముక్క ఎంత అని సిటిలో పొర పొరా గీసి ఘనపరిమాణం లెక్కకడతారు. ఆరోగ్యంగా ఉన్న లివర్ అయితే 20 శాతం మిగిలితే చాలు, కీమో ఎక్కువగా తీసుకున్నవాళ్ళకి 30, సిర్రోసిస్ ఉంటే 40 శాతం ఉండాలి. కొడుక్కో భర్తకో లివర్ ఇచ్చే దాతకి కూడా ఇదే లెక్క వేశాకే కత్తి పట్టుకుంటారు. మొదటి సిటిలో గడ్డ కనబడింది కదా, మళ్ళీ ఇంకో రకం సిటి ఎందుకు అంటే, ఈ రక్తనాళాల దశలు, ఈ సన్నటి పొరలు మొదటిదాంట్లో ఉండకపోవచ్చు.

పొత్తికడుపులోకి దిగితే ఎంఆర్ఐ రాజ్యం. రెక్టమ్ (మలాశయం) క్యాన్సర్ చుట్టూ కొవ్వు, ఆ కొవ్వు చుట్టూ ఒక పల్చటి పొర ఉంటుంది. ఆ పొరతో సహా మొత్తం చెక్కుచెదరకుండా తీయాలన్న పద్ధతిని ఇంగ్లండ్ సర్జన్ బిల్ హీల్డ్ 1982లో ముందుకు తెచ్చాక, ఆ పొరకీ గడ్డకీ మధ్య దూరమెంత అన్నది ప్రాణప్రశ్న అయింది. ఎంఆర్ఐలో అది 1 మిల్లీమీటర్ లోపుంటే ముందు రేడియేషన్, కీమో ఇచ్చి గడ్డని వెనక్కి తగ్గించే దారి చూస్తారు. సిటికి అంత సన్నటి తేడా కనబడదు.

భగందరం దగ్గర నాకు బాధ ఎక్కువ. బస్టాండ్ గోడల నిండా "పైల్స్, ఫిషర్, ఫిస్టులా ఆపరేషన్ లేకుండా" అన్న పోస్టర్లే. పైకి కనబడేది మలద్వారం పక్కన చీము కారే చిన్న కన్నం. లోపల ఆ దారి కండరాలని ఎక్కడ దాటింది, పక్కకి కొమ్మ వేసిందా, గుర్రపునాడాలా రెండోవైపుకి తిరిగిందా అన్నది బయటినుంచి ఎవరికీ తెలియదు. 1976లో పార్క్స్ అనే సర్జన్ కండరాలతో ఉన్న సంబంధాన్ని బట్టి వీటిని నాలుగు రకాలుగా విడదీశారు, ఇప్పటికీ అదే వాడుక. దారి కండరం పైభాగం గుండా వెళ్తుంటే, చూసుకోకుండా కోసేస్తే మలం ఆపుకునే కండరం తెగిపోయి జీవితాంతం ఇబ్బంది. లోపల ఒక కొమ్మ మిగిలిపోతే మళ్ళీ మళ్ళీ చీము. పైపైన చర్మం కిందే ఉన్న చిన్న దారికి అవసరం లేకపోవచ్చు గానీ, ఒకసారి కోయించుకున్నాక తిరగబెట్టినవాళ్ళు, ఒకటికన్నా ఎక్కువ కన్నాలున్నవాళ్ళు ఎంఆర్ఐ లేకుండా రెండో ఆపరేషన్‌కి ఒప్పుకోకండి. రిపోర్టు రాసేవాళ్ళు గడియారం అంకెల్లో చెబుతారు, 6 గంటల దగ్గర లోపలి ద్వారం అని. సర్జన్ ఆ అంకె పట్టుకునే లోపలికి వెళ్తారు.

ఆడవాళ్ళ విషయంలో మూత్రం నిండా ఆపుకుని రమ్మంటారు, ఎందుకంటే నిండిన మూత్రసంచి పేగుల్ని పైకి తోసి గర్భసంచినీ అండాశయాల్నీ చూడటానికి దారి ఇస్తుంది. యోని ద్వారా చేసే అల్ట్రాసౌండ్‌కి మాత్రం ఖాళీగా ఉండాలి, అందులో బొమ్మ ఇంకా స్పష్టం. పెళ్ళికాని అమ్మాయిలకి మన దగ్గర సాధారణంగా అది చేయరు, అందుకే చాక్లెట్ సిస్టులో (అండాశయంలో పాత రక్తం చేరిన తిత్తి), లోతైన ఎండోమెట్రియోసిస్సో (గర్భసంచి లోపలి పొర బయట పెరగడం) అనుమానం ఉంటే ఎంఆర్ఐ రాస్తారు. ఒక హెచ్చరిక: అండాశయం మెలిపడి ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చినప్పుడు, డాప్లర్‌లో రక్తప్రసరణ కనబడింది కాబట్టి మెలి లేదని చెప్పేయకూడదు. అండాశయానికి రెండు వైపుల నుంచి రక్తం వస్తుంది, మెలి పడీ విడీ కూడా ఉండొచ్చు. నొప్పీ, పెరిగిన అండాశయం సైజూ గట్టిగా అటే చూపిస్తుంటే గైనకాలజిస్ట్ స్కాన్‌ని పక్కనపెట్టి లాప్రోస్కోపీకి (చిన్న కన్నాలతో చేసే కెమెరా ఆపరేషన్‌కి) వెళ్ళడం సరైన పనే, గంటలు గడిస్తే అండాశయం పోతుంది.

రిపోర్టు మీ చేతికొచ్చాక కింద "ఇంప్రెషన్" అన్న నాలుగు లైన్లు చదివి గూగుల్ చేయకుండా ఎవరూ ఉండలేరు, తెలుసు. ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1, కిడ్నీలో సింపుల్ సిస్ట్ (నీటి తిత్తి), లివర్‌లో చిన్న హీమాంజియోమా (రక్తనాళాల ముద్ద), ఇవి వేరే జబ్బు కోసం వెతికితే దొరికినవి, మీ నొప్పికి వీటితో సంబంధం ఉండకపోవడమే ఎక్కువ. ఫ్యాటీ లివర్‌కి తిండి, బరువు చూసుకోవాలి, మిగతా రెండూ చాలావరకు ఏమీ చేయక్కర్లేనివి. ఇక రిపోర్టు బాగుండాలంటే రాసే చీటీ బాగుండాలి. "కడుపునొప్పి, స్కాన్ చేయండి" అని వచ్చిన చీటీకీ, "మూడు రోజులుగా కుడి కింది డొక్కలో నొప్పి, జ్వరం, రెండేళ్ళ క్రితం గర్భసంచి ఆపరేషన్" అని వచ్చిన చీటీకీ వెతికే కళ్ళలోనే తేడా ఉంటుంది. డాక్టరు తొందరలో రాయకపోతే మీరే గదిలో చెప్పండి, పాత ఆపరేషన్లన్నీ చెప్పండి. పాత ఫిల్ములు, ముఖ్యంగా సిడి, తీసుకెళ్ళండి. సెల్‌ఫోన్‌తో ఫిల్ముని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే ఆ వందల పొరల్లో నాలుగైదే, అవీ మసకగా చేరతాయి. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్‌కి అనుమతి రావాలన్నా ఈ ఫిల్ములు, రిపోర్టులు అప్‌లోడ్ చేయాల్సిందే, కాబట్టి ఒక ఫైలు పెట్టి తేదీల వరసలో ఉంచుకోండి.

ఆపరేషన్ అయ్యాక కూడా స్కాన్ పని అయిపోదు. అయిదో రోజో ఆరో రోజో జ్వరం తిరగబెట్టి, కడుపు ఉబ్బరించి, పేగు కదలకపోతే సర్జన్ మళ్ళీ సిటి అడుగుతారు. ఇక్కడ చదివేవాళ్ళకి చాలా అనుభవం కావాలి, ఎందుకంటే కోసిన కడుపులో కాస్త గాలి, కాస్త నీరు మామూలే. లాప్రోస్కోపీలో నింపే కార్బన్ డయాక్సైడ్ కొద్ది రోజుల్లోనే చాలావరకు ఇంకిపోతుంది, పెద్ద కోత పెట్టి చేసినప్పుడు లోపల చిక్కిన మామూలు గాలి వారం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. కాబట్టి గాలి కనబడగానే కుట్టు ఊడిందని అనలేరు, ఎన్నో రోజు, ఎలాంటి ఆపరేషన్, గాలి పెరుగుతోందా తగ్గుతోందా అన్నీ చూడాలి. నోటి ద్వారా తాగించిన మందు పేగు కుట్టు దాటి బయటికి కారితే అప్పుడు ఖాయం. చీము ఒకచోట గడ్డలా చేరి ఉంటే చాలాసార్లు మళ్ళీ కడుపు తెరవక్కర్లేదు. చర్మానికి మత్తు ఇచ్చి, అల్ట్రాసౌండ్ లేదా సిటిలో చూస్తూ పేగుకీ రక్తనాళానికీ తగలకుండా సూది పంపి, దాని మీదుగా కొస చుట్టుకుని ఉండే పిగ్‌టెయిల్ గొట్టం వదులుతారు. చీమంతా సంచిలోకి దిగుతుంది, జ్వరం సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో దిగడం మొదలవుతుంది, గొట్టంలోంచి వచ్చేది రోజుకి పది మిల్లీలీటర్లకి తగ్గి మరో స్కాన్‌లో గడ్డ కరిగినట్టు కనబడితే గొట్టం లాగేసి ఇంటికి పంపేస్తారు.